వంతపాటకు పిలిచే పాట

1968లో ఇటలీలో ‘స్వేత్సియా, ఇన్ఫెర్నో ఎ పారదీజో’ అనే సినిమా విడుదలైంది. స్వీడన్‌లో స్వర్గమూ నరకమూ రెండూ ఉన్నాయంటూ, డాక్యుమెంటరీ పేరుతో జనాన్ని ఉలిక్కిపడేలా చేయడానికి లుయీజీ స్కత్తీనీ తీసిన చిత్రమది. ఇవాళ ఆ సినిమాను సినిమాగా గుర్తుపెట్టుకున్నవాళ్లు బహు తక్కువ. అందులో ఒక ఆవిరిస్నానం సన్నివేశం కోసం పియెరో ఉమిలియానీ కట్టిన చిన్న పాట మాత్రం సముద్రాలు దాటింది, తరాలు దాటింది, ఇప్పటికీ పిల్లల నోటా పెద్దల నోటా ఆడుతోంది. దాని పేరు ‘మనా మనా’.

ఆ పాటలో కథ లేదు. ప్రేమ లేదు, విరహం లేదు, నీతి లేదు. అర్థమున్న మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక గొంతు పాట పేరులోని నాలుగు అక్షరాలు పలుకుతుంది. మరో వైపు నుంచి కోరస్ ‘ద’కారాలతో బదులిస్తుంది. కాసేపటికి మొదటి గొంతు దారి తప్పి ఎటో వెళ్లి, మళ్లీ ఆ నాలుగు అక్షరాల దగ్గరికే వచ్చి చేరుతుంది. ఉన్నదంతా ఇంతే.

ఇలాంటి వాటిని సరదా పాటలని పేరు పెట్టి పక్కన పెట్టేయడం మనకు అలవాటు. వచ్చిన ఏడాది ఊరంతా పాడి, మరుసటి ఏడాదికి మరిచిపోయేవే వాటిలో ఎక్కువ. కానీ కొన్ని మిగులుతాయి. అర్ధ శతాబ్దం గడిచినా వాటి నవ్వు వాడిపోదు. ఎందుకని? గత కొన్ని దశాబ్దాలుగా భాషాశాస్త్రం, మనోవిజ్ఞానం, మెదడు పరిశోధన కలిసి ఈ ప్రశ్నకు చాలా దూరం జవాబు చెప్పాయి. ఆ జవాబుల సారం ఒక్కటే: మిగిలే పాట తనలో సగమే పాడుతుంది, మిగతా సగం మనచేత పాడిస్తుంది.

ఊరూరా తిరిగిన పాట

ముందు ఈ పాట ప్రయాణం చూద్దాం. ఉమిలియానీ అల్లాటప్పా స్వరకర్త కాదు. 1926లో ఫ్లోరెన్స్‌లో పుట్టి, జాజ్ సంగీతాన్ని ఇటాలియన్ సినిమాలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడైనవాడు. 1958లో మారియో మొనిచెల్లి తీసిన ‘ఇ సొలితి ఇన్యోతి’ సినిమాకు జాజ్ సంగీతం ఆయనదే. ‘మనా మనా’ పాడినవాళ్లు అలెస్సాండ్రో అలెస్సాండ్రోనీ, ఆయన భార్య జూలియా. అలెస్సాండ్రోనీ ఈల మన కౌబాయ్ సినిమాల అభిమానులకు కొత్త కాదు. 1964లో వచ్చిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’లో ఎన్నియో మొరికోనె బాణీకి ఈల వేసింది ఆయనే. అంటే, ఏ మాటా లేని ఈ పాట వెనుక ఉన్నవాళ్లంతా చెయ్యి తిరిగిన విద్వాంసులు.

1969లో ఈ పాట అమెరికాలో రికార్డుగా విడుదలై బిల్‌బోర్డ్ పట్టికలో 55వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది నవంబరులో అక్కడ ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైంది. అది మొదలైన కొన్ని వారాల్లోనే, నవంబరు 27న, బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ బొమ్మలు ఈ పాట పాడాయి. మూడు రోజుల తర్వాత ‘ఎడ్ సలివన్ షో’లో మరోసారి పాడాయి. ఫ్రాన్స్‌లో ఆన్రి సాల్వదోర్ దానికి ఫ్రెంచి మాటలు తొడిగి ‘మే నో, మే నో’ అని పాడాడు. 1976లో తన బొమ్మల కార్యక్రమం ‘ది మపెట్ షో’ మొదలైనప్పుడు హెన్సన్ మళ్లీ ఈ పాటనే తీసుకున్నాడు. దాని ఊపుతో 1977లో ఉమిలియానీ పాత రికార్డు బ్రిటన్‌లో 8వ స్థానానికి ఎక్కింది. సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకు!

మపెట్ షోలో ఆ పాటను ఒకసారి జాగ్రత్తగా చూడండి. చెదిరిన జుట్టుతో ఒక బొమ్మ. దానికి అటూ ఇటూ, సన్నాయి మూతుల్లాంటి మూతులున్న రెండు గులాబీరంగు జీవాలు. మొదటి బొమ్మను ఆడించి పాడించింది హెన్సన్, ఆ రెండింటినీ ఆడించింది ఫ్రాంక్ ఓజ్. మొదటిది పిలుస్తుంది, రెండూ కలిసి బదులిస్తాయి. ఉత్సాహం పట్టలేక మొదటిది సొంత కల్పనలోకి దిగుతుంది. గులాబీ జీవాలు వంత ఆపేసి తెల్లబోయి చూస్తాయి. అది గమనించిన గాయకుడి గొంతు క్రమంగా సన్నగిల్లుతుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మెల్లగా ఆ నాలుగు అక్షరాలు. అంతే, వంత అందుకుంటుంది. చూసేవాళ్లు నవ్వేది సరిగ్గా ఆ తిరిగి కలిసే చోటే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క క్షణం గురించే.

మ, న, ద: అక్షరాల పని

పాటకు ఎంచుకున్న అక్షరాలే మొదటి రహస్యం. మ ఓష్ఠ్యం: పెదవులు కలిస్తే పుడుతుంది. న దంత్యం: నాలుక కొన పైపళ్ల వెనక తగిలితే పుడుతుంది. రెండూ అనునాసికాలు. అంటే నోరు మూసుకున్నా గాలి ముక్కులోంచి పోతూనే ఉంటుంది, కాబట్టి గొంతులో నాదం తెగదు. వాటి మధ్య ఉన్నది అన్ని అచ్చుల్లోకీ సులువైన అకారం. దవడ దించితే చాలు. కాబట్టి ‘మనా’ అనడంలో స్వరం ఒక్కచోటా ఆగదు. అదే జవాబు వైపు చూడండి. ద కూడా దంత్యమే, కానీ స్పర్శం. నాలుక తగిలిన ప్రతిసారీ నోటిలో గాలి ఒక్క క్షణం ఆగి విడుదలవుతుంది, ఒక చిన్న దెబ్బ వినిపిస్తుంది. పిలుపు సాగుతుంది, జవాబు తాళం వేస్తుంది. ఏ వాద్యమూ లేకుండా నోటితో పాడినా ఇందులో రాగమూ ఉంది, తాళమూ ఉంది.

పైగా ఇవి మనిషి మొట్టమొదట నేర్చే శబ్దాలు. ఆరేడు నెలలు నిండాక పిల్లలు ఒకే అక్షరాన్ని వరసగా పలకడం మొదలుపెడతారు. మ, న, బ, ద లాంటివే అందులో ముందుగా వస్తాయి. ప్రపంచ భాషల్లో తల్లిదండ్రులను పిలిచే మాటలు అంతగా ఎందుకు పోలి ఉంటాయో 1960 ప్రాంతంలో భాషాశాస్త్రజ్ఞుడు రోమన్ యాకబ్సన్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. పాలు తాగుతున్న బిడ్డ నోరు నిండి ఉన్నప్పుడు ముక్కుతో చేయగలిగిన శబ్దం అనునాసికమే. తర్వాత ఆ శబ్దమే ఆకలికీ అమ్మకీ గుర్తు అవుతుందని ఆయన వాదన. తెలుగువాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మలో ఉన్న మకారం, నాన్నలో ఉన్న నకారం, రెంటిలోనూ ఉన్న అకారం కలిపితే ఈ పాట పిలుపు మొత్తం వచ్చేస్తుంది. ఏ దేశపు బిడ్డకైనా ఇది పరాయి పాట కాకపోవడానికి ఇదొక కారణం.

శబ్దానికి రూపం కూడా ఉంటుందని మనోవిజ్ఞానం చెబుతుంది. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ రెండు బొమ్మలు గీసి చూపించాడు. ఒకటి గుండ్రని అంచులది, ఇంకోటి కోసుకుపోయే మొనలది. రెండు అర్థంలేని పేర్లు ఇచ్చి, ఏ పేరు దేనిదో చెప్పమన్నాడు. తర్వాతి ముద్రణలో ఆ పేర్లు ‘మలూమా’, ‘తకేటే’. ఎక్కువమంది మలూమా గుండ్రనిదన్నారు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ ‘బూబా’, ‘కికీ’ అనే పేర్లతో ఇదే ప్రయోగానికి కొత్త ప్రాచుర్యం తెచ్చారు. మ, న, ల లాంటి శబ్దాలు చెవికి గుండ్రంగా, మెత్తగా తోస్తాయి. అర్థం లేకపోయినా ఆ అక్షరాలు ఖాళీవి కావు. నవ్వుముఖం ముందే వాటిలో ఉంది.

అర్థంలేని అక్షరాలతో పాడడం ఇటలీ కనిపెట్టిన విద్యేమీ కాదు. అమెరికా జాజ్‌లో దాన్ని స్కాట్ అంటారు. 1926లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన ‘హీబీ జీబీస్’ రికార్డు దానికి గొప్ప పేరు తెచ్చింది. ఉమిలియానీ పాటకు నేరుగా పుట్టిల్లు అదే. మన దగ్గర తిల్లానాలో జతులు ఉన్నాయి. బుర్రకథలో కథకుడు ఒక చరణం చెప్పగానే అటూ ఇటూ ఉన్న వంతలు ‘తందానా’ అని అందుకుంటారు. బతుకమ్మ చుట్టూ ఒకరు పాట చెబుతుంటే మిగతా అందరూ ‘ఉయ్యాలో’ అంటారు. కథ చెప్పేది ఒకరే అయినా, పాట నిలిచేది ఆ వంత మీదే. కథ తెలియనివాళ్లు కూడా మొదటి రెండు చరణాలకే వంతలో కలిసిపోగలరు. వంతకు అర్థం తెలియక్కర్లేదు, ఎప్పుడు అందుకోవాలో తెలిస్తే చాలు.

మళ్లీ మళ్లీ వింటే ఏమవుతుంది?

ఉమిలియానీ పాట పుట్టిన 1968లోనే మనోవిజ్ఞానంలో ఒక ప్రసిద్ధ పత్రం వెలువడింది. రాసినవాడు రాబర్ట్ జయన్స్. ఆయన ప్రయోగం చాలా తేలిక. జనానికి ఎన్నడూ వినని పదాలు చూపించి, ఇవి టర్కీ భాష పదాలని చెప్పాడు. వాళ్లకు మాత్రం అవి అర్థంలేని పదాలే. కొన్నింటిని ఒక్కసారి, కొన్నింటిని రెండుసార్లు, ఐదుసార్లు, పదిసార్లు, ఇరవై ఐదుసార్లు ఎదుటికి తెచ్చాడు. తర్వాత, ఈ పదానికి మంచి అర్థం ఉండి ఉంటుందా, చెడ్డ అర్థమా చెప్పమన్నాడు. ఎక్కువసార్లు ఎదురైన పదానికే జనం మంచి అర్థం ఊహించారు. చైనా లిపి అక్షరాలతోనూ, తెలియని ముఖాల ఫొటోలతోనూ ఫలితం అదే. కేవలం పరిచయమే ఇష్టాన్ని పుట్టిస్తుందన్నది ఆయన తేల్చిన విషయం. అర్థంలేని మాట మీద మమకారం ఎలా పెరుగుతుందో ఒకరు ప్రయోగశాలలో చూపిస్తుంటే, అదే ఏడాది ఇంకొకరు స్టూడియోలో చేసి వినిపించారు!

పునరుక్తి చేసే ఇంకో విచిత్రాన్ని మనోవిజ్ఞాని డయానా డాయిచ్ గమనించింది. 1995లో ఆమె తన ప్రసంగం రికార్డును సరిచేస్తూ, అందులో ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి వేరే పనిలో పడింది. కాసేపటికి ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. చూస్తే తన మాటలే. రికార్డులో మార్పు ఏమీ లేదు, మారింది వినే తీరు. ఒక మాట మొదటిసారి విన్నప్పుడు మెదడు అర్థం వెంట పరుగెత్తుతుంది. అదే మాట పదే పదే వస్తే అర్థం వెతికే పని ముగిసి, స్వరం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, ఎక్కడ ఆగింది అనే వైపు చెవి తిరుగుతుంది. అప్పుడు మాట పాట అవుతుంది. ‘మనా మనా’కు ఆ మొదటి మెట్టే లేదు. అర్థం వెతకాల్సిన పని లేదు కాబట్టి తొలి క్షణం నుంచే మనం పాటలో ఉంటాం.

సంగీత మనోవిజ్ఞాని ఎలిజబెత్ మార్గులిస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. లుచానో బెరియో, ఎలియట్ కార్టర్ లాంటి ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తలు పునరుక్తిని కావాలనే దూరం పెట్టి రాసిన రచనలు తీసుకుంది. వాటిలోంచి కొన్ని ముక్కలు కత్తిరించి, మళ్లీ వినిపించేలా అతికించింది. సంగీతపరంగా ఆలోచించి చేసిన మార్పు కాదు, ఊరికే ముక్క కోసి మళ్లీ పెట్టడమే. అయినా వినేవాళ్లకు అసలు రచన కన్నా ఈ అతుకుల రచనే ఎక్కువ నచ్చింది. అంతేకాదు, ఇది కంప్యూటరు చేసినదా మనిషి చేసినదా అని అడిగితే, పునరుక్తి ఉన్నదే మనిషి చేసినదై ఉంటుందని ఎక్కువమంది అన్నారు.

ఎందుకలా? మళ్లీ వచ్చిన స్వరాన్ని మనం వినడమే కాదు, దానికన్నా అరక్షణం ముందే మనసులో పాడేస్తాం. మొదటిసారి శ్రోతలం, రెండోసారి సహగాయకులం. సరదా పాట చేసే పని ఇదే. అది మనల్ని ఎంత త్వరగా సహగాయకులను చేయగలదన్న దానిలోనే దాని నేర్పు ఉంది. రెండు పిలుపులు వినేసరికి మూడోదానికి మనం సిద్ధమైపోతాం.

విసుగు ఎందుకు రాదు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పరిచయం ఇష్టాన్ని పెంచుతుందన్నది నిజమే అయినా, అతిపరిచయం విసుగు పుట్టిస్తుందన్నదీ అంతే నిజం. డేనియల్ బెర్లైన్ అనే మనోవిజ్ఞాని 1970ల మొదట్లో దీన్ని ఒక వంపుగీతగా చూపించాడు. మరీ కొత్తదైతే అయోమయం, మరీ పాతదైతే విసుగు. మధ్యలోనే ఆనందం. నాలుగే అక్షరాల పాట చాలా త్వరగా ఆ గీత అవతలికి జారిపోవాలి. ఎలా జారకుండా నిలబడింది?

పాట కట్టడంలోనే దానికి జవాబు ఉంది. మొదటి పిలుపుకు చిన్న జవాబు వస్తుంది. రెండో పిలుపుకు ఇంకాస్త చిన్నది. మూడో పిలుపుకు వచ్చే జవాబు మాత్రం పొడవుగా సాగి, మెట్టు మెట్టుగా కిందికి దిగి ముగుస్తుంది. పొట్టి, పొట్టి, పొడవు. మొదటి రెండుసార్లూ ఒక అలవాటు చేసి, మూడోసారి దాన్ని విప్పి చూపించడం. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే, హైడన్, మోజార్ట్, బీథోవెన్‌ల వాద్యరచనల్లో కూడా రెండు చిన్న వాక్యాల తర్వాత రెట్టింపు పొడవున్న వాక్యం రావడం చాలా మామూలు.

జెఫ్రీ లోవెన్‌స్టైన్, చిప్ హీత్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో జానపద కథలనూ జోకులనూ ఈ కోణంలో పరిశీలించారు. ఒకే రకం సంఘటన రెండుమూడుసార్లు జరిగి, చివరిసారి తేడాగా జరిగే కథలే ఎక్కువగా మనసుకు పడుతున్నాయని వాళ్లు చూపించారు. మన ఏడు చేపల కథ దీనికి చక్కని ఉదాహరణ. ఎండని చేప దగ్గర మొదలై గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ దాకా ఒకే ప్రశ్న తిరుగుతూ పోతుంది. ప్రతి ఒక్కరూ తప్పు ఇంకొకరి మీదికి నెడతారు. చీమ ఒక్కటే నెట్టకుండా ఎదురు ప్రశ్న వేస్తుంది. అక్కడ పిల్లలు కిలకిలమంటారు. చీమ జవాబు ఒక్కటే చెబితే నవ్వు రాదు. అంతకు ముందు అంతమంది ఒకేలా మాట్లాడితేనే అది పండుతుంది.

‘మనా మనా’లో ఆ తేడా గాయకుడి సొంత కల్పన. అలవాటు కుదిరింది అనుకోగానే అతను జాజ్ ధోరణిలో ఎటో వెళ్లిపోతాడు. మన అంచనా తప్పుతుంది. ఎటు వెళ్తున్నాడో తెలియదు, ఎప్పుడు వస్తాడో తెలియదు, కానీ వస్తాడని మాత్రం తెలుసు. ఆ మూడో సంగతే ప్రాణం. తిరిగి వస్తాడన్న నమ్మకం లేకపోతే దారి తప్పడం గందరగోళమే. నమ్మకం ఉంటే అదే ఆట.

నెలల పిల్లలతో మనం ఆడే దోబూచులాటలో ఉన్నది సరిగ్గా ఇదే. ముఖం దాచుకుంటాం, కాసేపు ఆగుతాం, మళ్లీ చూపిస్తాం. 1989లో జెరాడ్ పారట్, హెన్రీ గ్లైట్‌మన్ ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలతో ఈ ఆట ఆడించి చూశారు. దాక్కున్న మనిషే అదే చోట మళ్లీ కనిపిస్తే పిల్లలు బాగా నవ్వారు. ఒకరు దాక్కుని వేరొకరు పైకి లేచినా, దాక్కున్న చోట కాక వేరే చోట కనిపించినా నవ్వు తగ్గింది. అంటే పసిపిల్లలకు కూడా నవ్వు వచ్చేది వట్టి ఆశ్చర్యం వల్ల కాదు. ఎదురుచూసిన మనిషి ఎదురుచూసిన చోట కనిపించినందుకు. ‘ఎప్పుడు’ అన్న ఒక్కదాంట్లోనే అనుమానం, మిగతా అంతా భరోసా. హెన్సన్ బొమ్మ దూరంగా వెళ్లి తిరిగొచ్చినప్పుడు పెద్దవాళ్లలో నవ్వేది ఆ ఆరు నెలల పసిప్రాణమే.

నిశ్శబ్దంలో మోగే మెదడు

మిగిలిన సగం మనం పాడతామన్నది మాటవరసకు అన్నది కాదు. దానికి మెదడులో ఆధారం ఉంది. 2005లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి చెందిన డేవిడ్ క్రేమర్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. కొందరికి పాటలు వినిపిస్తూ మధ్యలో రెండు నుంచి ఐదు సెకన్ల పాటు శబ్దం ఆపేశారు. ఆ సమయంలో మెదడు పనిని ఎఫ్ఎంఆర్ఐ యంత్రంతో చూశారు. తెలియని పాట ఆగితే మామూలు నిశ్శబ్దమే. తెలిసిన పాట ఆగితే మాత్రం శ్రవణానికి సంబంధించిన భాగాలు పనిచేస్తూనే ఉన్నాయి. ఆగిన పాటను మెదడు తనంతట తానే కొనసాగించింది. పాడమని ఎవరూ చెప్పలేదు.

ఆ ప్రయోగంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. సాహిత్యమున్న పాట అయితే ఈ చలనం శ్రవణ అనుబంధ ప్రాంతానికే పరిమితమైంది. ‘పింక్ పాంథర్’ బాణీలాంటి మాటల్లేని సంగీతం అయితే అది ప్రాథమిక శ్రవణ వల్కలం దాకా పాకింది. నిజమైన శబ్దం చెవిలో పడినప్పుడు మొదట మేల్కొనే చోటు అది. మాటలుంటే మనసు మాటల ఆధారంతో ఖాళీని దాటేస్తుంది. మాటలు లేనప్పుడు శబ్దాన్నే తిరిగి పుట్టించుకోవాలి. అర్థంలేని అక్షరాల పాట ఒక్క క్షణం ఆగినప్పుడు మన చెవిలో అంత గట్టిగా ఎందుకు మోగుతుందో ఆలోచించడానికి ఇది మంచి ఆధారం.

ఎదురుచూపులో సుఖం ఉందని చూపించినది ఇంకో ప్రయోగం. 2011లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో వాలొరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం, ఒళ్లు పులకరించేంతగా నచ్చిన సంగీతాన్ని ఎవరిది వాళ్లకు వినిపించి, మెదడులో సుఖానికి సంబంధించిన రసాయనం డోపమైన్ విడుదలను కొలిచింది. సంగీతం శిఖరానికి చేరిన క్షణంలో మెదడులో ఒక చోట డోపమైన్ పెరిగింది. ఆ శిఖరం వస్తుందని ఎదురుచూసే క్షణాల్లో మరో చోట పెరిగింది. రావడం ఒక ఆనందం, రాబోతోందని తెలియడం ఇంకో ఆనందం. సరదా పాట పులకింతలు పుట్టించకపోవచ్చు, కానీ అది నడిచేది ఈ దారినే. పిలుపుకూ జవాబుకూ మధ్యనున్న ఆ రవ్వంత ఖాళీలో, జవాబు తెలిసి కూడా ఎదురుచూడడమే దాని రుచి.

చెవిలో తిష్ట వేసే పాట

ఇంత సులువుగా మనలోకి వచ్చే పాట అంత సులువుగా బయటికి పోదు. పొద్దున విన్న పాట సాయంత్రం దాకా లోపల తిరుగుతూనే ఉంటుంది. కెల్లీ యకుబోవ్‌స్కీ బృందం మూడు వేల మందిని ఏ పాటలు ఇలా పట్టుకుంటున్నాయో అడిగి, వాటి స్వరాల తీరును విశ్లేషించి 2016లో ఫలితాలు ప్రకటించింది. అలాంటి పాటలకు చురుకైన నడక ఉంటుంది. స్వరం ఎక్కి దిగే తీరు మొత్తం మీద అలవాటైనదే ఉంటుంది. దానితో పాటు ఎక్కడో ఒక చోట అనుకోని ఎగుడుదిగుడో, మామూలుకు మించిన పునరుక్తో ఉంటుంది. మూడింటినీ కలిపి చూస్తే ‘మనా మనా’ ముఖచిత్రం గీసినట్టే ఉంది.

లోపల తిరిగే ఆ పాట నిజంగా గొంతును వాడుకుంటుందనడానికి ఒక తమాషా నిదర్శనం ఉంది. 2015లో ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో ఫిల్ బీమన్ బృందం, పట్టుకున్న పాట వదలాలంటే చూయింగ్ గమ్ నమిలితే కొంత ఫలితం ఉంటుందని చూపించింది. మనసులో పాడుకునేటప్పుడు పెదవులను, నాలుకను, దవడను కదిలించే ఆజ్ఞలు మెదడులో సిద్ధమవుతూ ఉంటాయి. దవడకు వేరే పని పెడితే ఆ ఏర్పాటు చెదురుతుంది. అందుకే వింటున్నామనుకుంటున్నప్పుడు కూడా మనం పాడుతూనే ఉన్నామన్నమాట. ఉమిలియానీ ఎంచుకున్న అక్షరాలకు నాలుక, పెదవి, దవడ చేయాల్సిన పని చాలా తక్కువ. అందుకే అవి అడక్కుండానే లోపల పాడుకోబడతాయి.

తేలిక వెనుక బరువు

ఇవన్నీ కలిపి చూస్తే, తేలిక పాట అంటే తక్కువ పాట అనే లెక్క తప్పని తెలుస్తుంది. తేలిక రావాలంటే తీసేయడం తెలియాలి. ఉమిలియానీకి జాజ్‌లో ఎన్ని సంగతులు తెలుసో ఆయన ఇతర రచనలు చెబుతాయి. ఆ తెలిసినదాన్నంతా గాయకుడు దారి తప్పే చోట్లలో పెట్టి, తిరిగొచ్చే చోటును మాత్రం నెలల బిడ్డకు కూడా అందేంత కిందికి దించాడు. పాండిత్యం ఉంది. అది శ్రోతకు అడ్డు రాదు, శ్రోతకు కాసేపు ఎదురుచూపు కల్పించి తప్పుకుంటుంది. హెన్సన్ ఈ నిర్మాణాన్ని కంటితో పట్టుకున్నాడు. పిలిచేవాడికి ఒక ముఖం, బదులిచ్చేవాళ్లకు రెండు ముఖాలు ఇచ్చి, స్వరాల్లో ఉన్న నాటకాన్ని రంగం మీద పెట్టాడు. మపెట్ షోలో పై గదిలో కూర్చునే ఇద్దరు ముసలివాళ్లు పాట అయ్యాక, అసలు ఈ మాటకు అర్థమేమిటని ఒకరు, ఎవరికి కావాలని ఇంకొకరు అనుకుంటారు. ఆ రెండోవాడు చెప్పినదే సరైన సంగీత విమర్శ.

మిగలని సరదా పాటలకూ మిగిలినదానికీ తేడా ఎక్కడుందో ఇప్పుడు చెప్పవచ్చు. ఒక సినిమా సంఘటన, ఒక ఏటి ఫ్యాషన్, ఒక వాడుక మాట మీద నవ్వించే పాట, ఆ సంఘటన మరుగున పడగానే మూగబోతుంది. దాని నవ్వు బయటి లోకం మీద ఆధారపడింది. ‘మనా మనా’ నవ్వుకు బయటి సరుకు ఏదీ అక్కర్లేదు. నోరు, చెవి, ఎదురుచూపు ఉంటే చాలు. అవి ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా మనిషితో పాటే ఉంటాయి. 1969 నాటి పిల్లవాడికీ ఇప్పటి పిల్లవాడికీ మధ్య లోకం ఎంత మారినా, పిలుపు విని బదులివ్వాలనే కోరిక మారలేదు.

అందుకే పిల్లలకు పాటలు కట్టేవాళ్లు, బడిలో పాడించేవాళ్లు, సినిమాల్లో హుషారు పాటలు రాసేవాళ్లు ఈ చిన్న పాటను శ్రద్ధగా చదవాలని నా అభిప్రాయం. శ్రోతకు ఎన్ని స్వరాలు వినిపించాం, ఎన్ని మాటలు చెప్పాం అన్నది కాదు, శ్రోతకు ఎంత చోటు వదిలాం అన్నది లెక్కించాలి. మొదటిసారి విన్నవాడు రెండో పిలుపుకే గొంతు కలపగలిగితే ఆ పాట అతనిదైపోతుంది. తనదైన పాటను ఎవరూ అంత త్వరగా మరిచిపోరు. దాన్ని పిల్లలకు నేర్పుతారు, పిల్లలతో కలిసి పాడతారు. పాటలు బతికేది ఇలాగే. పట్టికల్లో ఎక్కిన స్థానాలు పదిరోజుల ముచ్చట, వంత పాడేవాళ్లున్నన్నాళ్లూ పాటకు ఆయుష్షు.